వృత్తి చికిత్స - సహాయక సాధనాలు - కృత్రిమ మేధ

వృత్తి చికిత్స అనే మాట వినగానే మనలో చాలమందికి రెండు అర్థాలు స్ఫురిస్తాయి. ఒకటి ఉద్యోగ శిక్షణ; రెండవది, చేసే వృత్తి వలన కలిగే రోగాలకు వైద్యం. రెండూ సరికావు. ఆంగ్లంలో ఆక్యుపేషనల్ థెరపీ అనబడే ఈ శాస్త్రంలో 'వృత్తి' అంటే జీతం తెచ్చే పని మాత్రమే కాదు. మనిషి ఉదయం లేచింది మొదలు రాత్రి నిద్రించే వరకు తన కాలాన్ని దేనిలో వినియోగిస్తాడో అదంతా వృత్తియే. పళ్ళు తోముకోవడం, జడ వేసుకోవడం, అన్నం కలుపుకోవడం, వుజూ చేయడం, పలక మీద అక్షరాలు దిద్దడం, పత్తి ఏరడం, పాలు పితకడం, మనవడిని ఒడిలో కూర్చోబెట్టుకోవడం - ఇవన్నీ దీని పరిధిలోకి వస్తాయి. రోగం వలన గాని, ప్రమాదం వలన గాని, పుట్టుకతో గాని ఇట్టి పనులలో ఏదైనా చేయలేని స్థితి కలిగినప్పుడు, ఆ పనిని తిరిగి ఆ మనిషి చేతికి అందించే విద్యయే వృత్తి చికిత్స.

ఒక ఉదాహరణతో ఈ భేదం స్పష్టమగును. ఏబది ఏండ్ల రైతుకు పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయినవి అనుకుందాం. వైద్యుడు మందులిచ్చి ప్రాణం నిలుపుతాడు. ఫిజియోథెరపిస్టు కండరాలకు వ్యాయామం చేయించి చేతిని లేపిస్తాడు, కాలును నడిపిస్తాడు. ఇంతవరకు మన ప్రజలకు తెలిసినదే. కాని ఇంటికి వచ్చిన తరువాత ఆ రైతు చొక్కా గుండీ పెట్టుకోలేడు, లుంగీ ముడి వేసుకోలేడు, చెంబుతో నీళ్ళు ఒంపుకోలేడు. చేయి లేస్తున్నది గాని పని కావడం లేదు. అక్కడ ప్రవేశించేవాడు వృత్తి చికిత్సకుడు. అతడు అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ నొప్పి?" అని కాదు, "పొద్దుటి నుండి మాపటి దాకా ఏమేమి చేసేవారు? వాటిలో దేనిని ముందుగా మళ్ళీ చేయాలని ఉన్నది?" అని. ఈ ప్రశ్నలో ఒక శాస్త్రమే ఇమిడి ఉన్నది.

ఈ శాస్త్రం పాతది కాదు. అమెరికాలో 1917లో వివిధ రంగాలకు చెందిన కొద్దిమంది కలిసి దీనికొక సంఘాన్ని స్థాపించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో కాళ్ళు చేతులు పోగొట్టుకొని వచ్చిన సైనికుల అవసరం దానిని వేగంగా వ్యాపింపజేసింది. మన దేశానికి దీనిని తెచ్చినది కమలా నింబ్కర్ అనే మహిళ. ఆమె జన్మతః అమెరికా దేశస్థురాలు; భారతీయుని వివాహమాడి ఇక్కడనే స్థిరపడింది. 1950లో బొంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆమె ప్రారంభించిన పాఠశాల మన దేశంలో ఈ విద్యకు మొదటిది. 1952లో అఖిల భారత సంఘం ఏర్పడినది. అదే సంవత్సరం ఏర్పడిన ప్రపంచ సమాఖ్యలో భారతదేశం వ్యవస్థాపక సభ్య దేశాలలో ఒకటి. అంత ముందుగా మొదలుపెట్టిన దేశంలో నేటికీ డిగ్రీ విద్యార్థులకు ఈ పేరు కొత్తగా వినిపించడం విచారకరమే.

ఇక సహాయక సాధనం అంటే ఏమి? పోయిన శక్తికి బదులుగా గాని, తగ్గిన శక్తికి తోడుగా గాని నిలిచే వస్తువు ఏదైనా సహాయక సాధనమే. దానికి విద్యుత్తు ఉండనక్కరలేదు. పిడికిలి బిగియని వానికి చెంచా కాడకు పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి లావు చేసి ఇస్తే పట్టు దొరుకుతుంది. ఇది ఆసుపత్రులలో నేటికీ చేసే చికిత్సయే. 14వ శతాబ్ది తొలినాళ్ళలో బాగ్దాదులో నివసించిన జైనుద్దీన్ అల్ ఆమిదీ అనే అంధ పండితుడు తన పుస్తకాలు తాను గుర్తించుకొనుటకు కాగితాన్ని సన్నని పురిగా పేని, అక్షరాల ఆకారంలో వంచి, అట్ట మీద అంటించుకొని, వేళ్ళతో తడిమి పుస్తకం వెల తెలుసుకొనేవాడని అరబ్బీ చరిత్రకారులు వ్రాశారు. ఫ్రాన్సులో లూయీ బ్రెయిలీ తన చుక్కల లిపిని రూపొందించినది 1824లో, పదిహేనేండ్ల వయస్సులో. ఈ ఇద్దరిలోను గమనించవలసిన విషయం ఒకటున్నది: సాధనాన్ని కనుగొన్నవాడు, వాడుకొనేవాడు ఒక్కడే. కావున అది చేతికి సరిగా అమరినది.

అట్లు అమరకపోతే ఏమగును? మన ఊళ్ళలో అందరూ చూచే దృశ్యమే. శిబిరం పెట్టి, వేదిక మీద పూలమాలలు వేసి ఇచ్చిన మూడు చక్రాల బండి, ఇంటి ముందు చెట్టు క్రింద తుప్పు పట్టి, కోళ్ళకు నీడగా ఉపయోగపడుతూ ఉంటుంది. బండిలో లోపం లేదు. కాని అది ఆ ఇంటి గడప దాటదు, వానకాలం ఆ గల్లీలో నడవదు. ఇవ్వడానికి ముందు గడప ఎత్తు కొలిచినవారు లేరు. కాన్పూరులో 1972లో కృత్రిమ అవయవముల సంస్థను నెలకొల్పి, 1981 నుండి ఉపకరణముల పంపిణీ పథకాన్ని నడుపుతున్న కేంద్ర ప్రభుత్వం చేసిన సేవ తక్కువది కాదు. వస్తువును ఇవ్వడం ఒక పని, దానిని ఆ మనిషి జీవితానికి అమర్చడం మరొక పని. రెండవ పనిని వృత్తి చికిత్స అంటారు.

కొలిచే పరికరాలలో కూడ ఈ చిక్కు ఉన్నది. రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో లెక్కించడానికి ప్రపంచమంతటా వాడే బార్తెల్ సూచిక 1965లో అమెరికాలో ప్రచురితమైనది. భోజనం దగ్గర అది అడిగే ప్రశ్నలలో రొట్టెకు వెన్న రాసుకోగలరా, పదార్థాన్ని కోసుకోగలరా అనేవి కలవు. జనగామ దగ్గరి ఒక అవ్వను ఈ ప్రశ్న అడిగితే ఏమి చెబుతుంది? ఆమెకు కావలసినది వేడి అన్నంలో పప్పు పోసుకొని, అయిదు వేళ్ళతో కలిపి, ముద్ద చేసి, బొటనవ్రేలితో నోటిలోకి నెట్టుకోగలగడం. చెంచా పట్టడానికి, ముద్ద చేయడానికి పనిచేసే కండరాల పొందిక ఒకటి కాదు. అదే విధంగా నేల మీద బాసిపట్టు వేసి కూర్చోవడం, గొంతుకూర్చోవడం, నమాజులో సజ్దా చేసి తిరిగి లేవడం, ఇవేవీ కుర్చీ బల్లల దేశపు పట్టికలలో ఉండవు. పట్టిక తప్పని కాదు. అది వేరొకరి దినచర్యను చూచి వ్రాసినది. కెనడా దేశపు వృత్తి చికిత్సకులు 1991లో ప్రచురించిన కొలమానం ఈ చిక్కును చాలవరకు తప్పించినది. అందులో ముందుగా నిర్ణయించిన పనుల జాబితా ఉండదు. ఏ పని ముఖ్యమో రోగియే చెబుతాడు.

జైపూరు కాలు చరిత్ర ఈ సూత్రానికి భాష్యం వంటిది. అంతకుముందు పాశ్చాత్య దేశాలలో తయారైన కృత్రిమ పాదం బూటు తొడుక్కొనేవాని కొరకు చేసినది. మడమ వంగదు, బూటు లేనిదే నిలువదు. మన రైతు బూటు తొడుక్కొని మడిలో దిగుతాడా? 1968లో జైపూరులో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేఠీ అనే ఎముకల వైద్యుడు కలిసి రబ్బరుతో ఒక పాదాన్ని చేశారు. దానితో గొంతుకూర్చోవచ్చు, చెట్టెక్కవచ్చు, బురదలో నడవవచ్చు, పాదరక్ష లేకుండ గుడికి గాని మసీదుకు గాని పోవచ్చు. సేఠీ గారికి 1981లో మెగసెసే పురస్కారం లభించినది. రామచంద్ర శర్మ పేరు అంతగా వినబడదు, ఆ చేతులు లేనిదే ఆ పాదం లేదు. తెలుగువారికి ఈ పాదాన్ని పరిచయం చేసినది వైద్య గ్రంథం కాదు, చలనచిత్రం. ప్రమాదంలో కాలు పోగొట్టుకొని జైపూరు పాదంతో తిరిగి నాట్యం చేసిన సుధా చంద్రన్ తన కథలో తానే నటించిన 'మయూరి' 1985లో వచ్చినది.

హైదరాబాదులో జరిగిన మరొక సంగతి విద్యార్థులు తెలుసుకొనవలసినది. మన క్షిపణి శాస్త్రవేత్త, అనంతరం రాష్ట్రపతి అయిన ఏ.పి.జె. అబ్దుల్ కలాం గారు తన ప్రసంగాలలో పలుమార్లు దీనిని చెప్పారు. అగ్ని క్షిపణి తొలి ప్రయోగం 1989లో జరిగినది. ఆ క్షిపణి తిరిగి వాతావరణంలో ప్రవేశించునప్పుడు పుట్టే వేడికి తట్టుకొనుటకు అతి తేలికైన కర్బన పదార్థాన్ని తయారు చేశారు. నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్, నుండి వచ్చిన ఒక ఎముకల వైద్యుడు ఆ ముక్కను చేతిలోకి తీసుకొని దాని తేలికదనానికి ఆశ్చర్యపడి, కలాం గారిని తన ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాడు. అక్కడ చిన్నపిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు కాళ్ళకు కట్టుకొని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో 300 గ్రాముల కాలిపర్లు తయారైనవి. పదార్థం ప్రయోగశాలలో సిద్ధంగానే ఉండినది. లేనిది ఆ వార్డులో నిలబడి చూచే కన్ను. వైద్యుడు పిలిచినందువలన అది కలిగినది.

పెద్ద ప్రయోగశాలల మాట అట్లుండనిండు. మన జనగామకు ఇరుగున, ఆలేరు మండలంలోని శారాజీపేట గ్రామంలో జరిగినది నా దృష్టిలో వీటన్నిటికంటె గొప్పది. పోచంపల్లి పద్ధతిలో పట్టుచీర నేయడానికి ముందు ఆసు పోయడం అనే పని ఉన్నది. అర్ధవృత్తాకారంలో బిగించిన మేకుల చుట్టూ నూలును ఒక క్రమంలో చుట్టాలి. ఆ క్రమాన్ని బట్టి తరువాత అద్దకపు ముడులు, వాటిని బట్టి చీర మీద బొమ్మ. చేయి సుమారు ఒక మీటరు దూరం అటూ ఇటూ ఆడుతూనే ఉండాలి. ఒక్క చీరకు సుమారు 9,000 మారులు. ఒక్క చీర ఆసుకు నాలుగైదు గంటలు. దినానికి రెండు చీరలైతే 18,000 మారులు. ఈ పని సాధారణంగా ఇంటి ఆడవారిది. భుజం కీలు, మోచేయి అరిగిపోయేవి. చూపు కూడ దెబ్బతినేది.

చింతకింది మల్లేశం గారి తల్లి లక్ష్మి గారు ఈ పనియే చేసేవారు. చేయి ఆడడం లేదని ఆమె చెప్పుకొన్న బాధను కొడుకు విన్నాడు. పెద్ద చదువులు చదివినవాడు కాదు, ప్రాథమిక పాఠశాల దాటిన కొద్దికాలానికే మగ్గం ఎక్కినవాడు. 1992లో యంత్రం తయారీకి పూనుకొని, ఉన్న డబ్బు పోగొట్టుకొని, అప్పులపాలై, హైదరాబాదుకు పోయి విద్యుత్ పనులు చేస్తూ, బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో ఒక యంత్రం కదలికను చూచి తనకు అంతవరకు అంతుపట్టని మెలికను గ్రహించి, 1999లో ఆసు యంత్రాన్ని పూర్తిచేశాడు. తల్లి పేరే దానికి పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగినది. భారత ప్రభుత్వం 2017లో ఆయనను పద్మశ్రీతో గౌరవించినది. 2019లో ఆయన కథ చలనచిత్రంగా కూడ వచ్చినది.

ఇది వృత్తి చికిత్స అని ఎవరూ అనలేదు. కాని ఆ యంత్రంలో జరిగినదేమిటో చూడండి. ఆసు పోయడం అనే పనిని చిన్నచిన్న కదలికలుగా విడదీశాడు. దేనిలో నేర్పు ఉన్నదో, దేనిలో కేవలం శ్రమ ఉన్నదో తేల్చుకొన్నాడు. శరీరాన్ని చెడగొట్టే కదలికను యంత్రానికి ఇచ్చి, బొమ్మను నిర్ణయించే తెలివిని మనిషి వద్దనే ఉంచాడు. వృత్తి చికిత్స పాఠ్యగ్రంథాలలో దీనినే పని విశ్లేషణ అంటారు. ఆ గ్రంథం చదివినవానికి పరీక్షలో మార్కులు వస్తాయి. శారాజీపేటలో ఆడవారికి భుజాలు దక్కినవి.

ఇప్పుడు కృత్రిమ మేధ విషయానికి వద్దాం. ఈ మాట చుట్టూ నేడు చాల కోలాహలం ఉన్నది. సూక్ష్మంగా చెప్పాలంటే, యంత్రానికి నియమాలు ముందుగా వ్రాసి ఇవ్వకుండ, వేలు లక్షల ఉదాహరణలు చూపి వాటి నుండి పోలికలను అదే పట్టుకొనేటట్లు చేయడం. దీనికి ఆధారమైన గణన క్రమాన్ని అల్గోరిథం అంటారు. 9వ శతాబ్దిలో బాగ్దాదులో పనిచేసిన అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్ నోటిలో మారి ఆ పదమైనది. మన విషయానికి ముఖ్యమైనది మాత్రం 'ఉదాహరణలు' అనే మాట. యంత్రం తాను చూచిన ఉదాహరణలను మించి ఎరుగదు. వెన్న రాసుకొనేవారిని మాత్రమే చూచిన యంత్రానికి అన్నం కలుపుకోవడం తెలియదు. 1965 నాటి పట్టికలోని చిక్కే కొత్త వేషంలో తిరిగి వచ్చినదన్నమాట.

ఉపయోగం లేదా? చాల ఉన్నది. చేతి వ్యాయామాన్నే తీసుకోండి. పక్షవాతం తరువాత కోలుకోవాలంటే ఒకే కదలికను వందల మారులు చేయాలి. భూపాలపల్లి అడవి అంచు గ్రామం నుండి దినదినం వరంగల్లుకు రావడం ఎవరికి సాధ్యం? 2019లో గూగుల్ సంస్థ ఉచితంగా విడుదల చేసిన ఒక సాధనం సాధారణ ఫోను కెమెరాతోనే చేతిలోని 21 బిందువులను గుర్తించి, ఏ వ్రేలు ఎంత వంగినదో లెక్కించగలదు. ఇట్టి దాని మీద ఆధారపడి, రోగి ఇంటి వద్దనే వ్యాయామం చేస్తుంటే "ఇంకొంచెం తెరువు" అని చెప్పే కార్యక్రమాలను తయారు చేయవచ్చు. వారానికొకసారి ఆ లెక్కను దూరాన ఉన్న చికిత్సకుడు చూడవచ్చు. అయితే ఒక హెచ్చరిక. భుజం లేవనప్పుడు రోగి తనకు తెలియకుండనే నడుము ప్రక్కకు వంచి చేయి ఎత్తినట్లు కనబరుస్తాడు. చేతినే చూచే యంత్రం దీనిని 'బాగున్నది' అని మెచ్చుకొంటుంది. అనుభవం గల చికిత్సకుడు మెచ్చుకొనడు. నడుమును పట్టుకొని "ఇప్పుడు ఎత్తండి" అంటాడు.

చూపు లేనివారికి జరిగిన మేలు మరింత స్పష్టమైనది. 1976లో రే కర్జ్‌వైల్ అమెరికాలో ప్రదర్శించిన చదివే యంత్రం ఒక బల్లను ఆక్రమించేది. వెల సామాన్యునికి అందనిది. నేడు అదే పని జేబులోని ఫోను చేస్తున్నది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధ యువకులు ప్రారంభించిన ఎన్.వి.డి.ఎ. అనే కార్యక్రమం కంప్యూటరు తెర మీది అక్షరాలను చదివి వినిపిస్తుంది. దానికి వెల లేదు. మైక్రోసాఫ్ట్ 2017లో విడుదల చేసిన 'సీయింగ్ ఏఐ' వెనుక ఉన్న ఇంజనీరు సాకిబ్ షేక్ స్వయంగా అంధుడు. ఎదుట ఉన్నదేమిటో, కాగితం మీద ఉన్నదేమిటో అది మాటలలో చెబుతుంది. డెన్మార్కులో 2015లో మొదలైన 'బీ మై ఐస్' మొదట మనుషుల కళ్ళనే అరువిచ్చే ఏర్పాటు. 2023 నుండి కృత్రిమ మేధ కూడ అందులో చేరినది. ఇక్కడ కూడ బ్రెయిలీ నాటి న్యాయమే. అవసరం ఎరిగినవాడు చేసినది నిలుస్తున్నది. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టి, హైదరాబాదులోని దేవ్‌నార్ అంధుల పాఠశాలలో చదివిన శ్రీకాంత్ బొల్లా గారు ఇంటర్మీడియట్‌లో విజ్ఞానశాస్త్రం చదువుటకు న్యాయస్థానం వరకు వెళ్ళవలసి వచ్చినది. పాఠాలను ధ్వనిముద్రణలో విని ఉత్తీర్ణుడై, అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరి, తిరిగి వచ్చి 2012లో పరిశ్రమ స్థాపించి వికలాంగులకు పని కల్పించినాడు. సాధనం ఉన్నచోట కూడ తలుపు తెరిపించవలసినది మనుషులే.

మన వంటి రెండు భాషల కళాశాలకు ప్రత్యేకంగా పట్టే సమస్య ఒకటున్నది. తెలుగు లిపి వ్రాసినట్లు పలుకుతుంది. కావున తెలుగును యంత్రం చదవడం ఒక విధంగా సులభం. అచ్చు పుస్తకం నుండి అక్షరాలు గుర్తించేటప్పుడు మాత్రం వత్తులు, గుణింతాలు దానిని తికమకపెడతాయి. ఉర్దూ సంగతి వేరు. నస్తాలీఖ్ లిపిలో అక్షరాలు ఏటవాలుగా జారుతూ ఒకదానిపై ఒకటి ఒరుగుతాయి. ఏ చుక్క ఏ అక్షరానిదో యంత్రానికి వెంటనే తోచదు. జేర్, జబర్, పేష్ గుర్తులు వ్రాయకుండుట వాడుక గనుక 'ఇస్' అన్నా 'ఉస్' అన్నా కాగితం మీద ఒకే రూపం. ఉర్దూ విద్యార్థి వాక్యార్థాన్ని బట్టి క్షణంలో గ్రహిస్తాడు. యంత్రం ఆ వాక్యం వంటి వాక్యాలు లక్షలు చూచి ఉంటేనే సరిగా చదువుతుంది. కాబట్టి చూపు లేని తెలుగు విద్యార్థికి, చూపు లేని ఉర్దూ విద్యార్థికి అందే సహాయం సమానం కాదు. ఈ అంతరం ఎవరో దురుద్దేశంతో చేసినది కాదు. డిజిటల్ రూపంలో ఉన్న పుస్తకాల సంఖ్యలోని అంతరం.

మాటల విషయంలో చిక్కు ఇంకా లోతైనది. పక్షవాతం, మెదడు వాతం, నరాల క్షీణత గల వారి మాట తడబడుతుంది; ఇంటివారికి తప్ప పరులకు అర్థం కాదు. అట్టి మాటను గుర్తించుటకు యంత్రాన్ని అలవాటు చేయాలని గూగుల్ 2019లో 'యూఫోనియా' పేరుతో పరిశోధన ప్రకటించినది. అది ఆంగ్లంతో మొదలైనది. మన దేశంలో 2022లో ప్రారంభించిన 'భాషిణి' ప్రయత్నం, మద్రాసు ఐ.ఐ.టి.లోని 'ఏఐ4భారత్' కృషి భారతీయ భాషలకు మార్గం వేసినవి. భాషిణి ప్రధానంగా చేపట్టినది రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషలు. తెలుగు, ఉర్దూ అందులో ఉన్నవి. మహబూబాబాదు తండాలలోని లంబాడీ, ఏజెన్సీ గూడేలలోని కోయ ఆ షెడ్యూలులో లేవు. ఉన్న తెలుగైనా ఏ తెలుగు? వార్తలు చదివే తెలుగు విని నేర్చిన యంత్రం, "బిడ్డా, చెయ్యి గుంజుతాంది" అన్న ముసలమ్మ మాటను ఏమని గ్రహిస్తుంది? ఉన్న ఉర్దూయైనా లక్నో ఉర్దూ. మన ఇళ్ళలోని దక్కనీ కాదు. తడబడే మాట, అందులోను మాండలికం - ఆ రోగి యంత్రానికి రెండు విధాల పరాయివాడు.

ఈ జిల్లాలలో ఇది ఊహా విషయం కాదు. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా నుండి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి వేరు జిల్లాలైనవి. పెంబర్తి ఇత్తడి శిల్పి సుత్తిపోట్లకు మణికట్టు పణం పెడతాడు. మహబూబాబాదు వైపు మిరప ఏరే ఆడవారు రోజంతా వంగిన నడుముతో ఉంటారు. భూపాలపల్లి సింగరేణి గనులలో పని ఎట్టిదో చెప్పనక్కరలేదు. మహబూబాబాదుకు 2022లో, జనగామ, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చినవి. మండలాలలో ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు భవిత కేంద్రాలు ఉన్నవి. మనోవైకల్యం గల వారి కొరకు 1984లో సికింద్రాబాదులో స్థాపించిన జాతీయ సంస్థ మనకు దూరం కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను 7 నుండి 21కి పెంచినది. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వృత్తి చికిత్సకు గుర్తింపు ఇచ్చినది. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివి, ఎం.బి.బి.ఎస్. సీటు రాలేదని కుమిలిపోయే విద్యార్థులు ఈ మార్గం వైపు ఒకమారు చూడవచ్చును.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. గ్రంథాలయంలోని కంప్యూటర్లలో ఎన్.వి.డి.ఎ. పెట్టించుటకు ఖర్చు లేదు, అరపూట పని. గ్రంథాలయం మెట్ల ప్రక్కన వాలుబాట కట్టించేటప్పుడు అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి; స్థలం లేదని ఆరడుగులలో కట్టితే చక్రాల కుర్చీ దాని మీద ఎక్కదు, దిగేటప్పుడు బోర్లపడుతుంది. తలుపు మూడడుగుల వెడల్పు ఉంటే చాలును.

విద్యార్థులు చేయదగిన పని మరొకటి. హైదరాబాదులోని స్వేచ్ఛ అనే స్వతంత్ర సాఫ్ట్‌వేర్ సంస్థ పిలుపు మీద ఇంజనీరింగ్ విద్యార్థులు అనేకులు పల్లె కథలను, పల్లె మాటలను సేకరించి తెలుగు కృత్రిమ మేధకు సమకూర్చారు. మన కళాశాలలో తెలుగు మాట్లాడేవారు, దక్కనీ మాట్లాడేవారు, లంబాడీ మాట్లాడేవారు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇట్టి సౌకర్యం పెద్ద సంస్థలకు కూడ లేదు. కాని సేకరణకు పద్ధతి ఉన్నది. రోగి గొంతును అనుమతి లేనిదే ముద్రించరాదు. ఆ ముద్రణ ఎక్కడికి పోవునో, ఎవరు విందురో అతని భాషలోనే చెప్పాలి. వద్దన్నప్పుడు చెరిపివేయాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కోరేది కూడ ఇదే. చిన్నపిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి.

మొదలు ఎక్కడ? నోట మాట రాని రోగి ముందుంచే బొమ్మల పలకలో మొదటి గడి సాధారణంగా నీళ్ళది. ఒకరు 'నీళ్ళు' అంటారు, ఒకరు 'పానీ' అంటారు, తండాలో 'పాణి' అంటారు, అంతవరకు సులభం. రెండవ గడి నొప్పిది. అక్కడ ఆంగ్లపు పలక ఒక్క మాటతో సరిపెట్టుకొంటుంది. మన రోగికి ఒక్క నొప్పి లేదు. గుంజుతున్నది, సలుపుతున్నది, పొడుస్తున్నది, మండుతున్నది, జివ్వుమంటున్నది, తిమ్మిరెక్కింది, మొద్దుబారింది, పట్టేసింది - ఒక్కొక్కటి ఒక్కొక్క నరానికో కండరానికో కీలుకో సంబంధించిన వార్త. మొద్దుబారిన చేయి వేడి గిన్నెను పట్టి కాలుతుంది. పట్టేసిన చేయి దానిని పట్టనే పట్టదు. ఈ ఇద్దరికి ఇచ్చే సాధనం ఒకటి కాదు. ఈ మాటలకు దక్కనీలో, లంబాడీలో, కోయలో సాటి మాటలేవో వ్రాసుకొని, ఏది శరీరంలో ఎక్కడ, ఏ పని చేసేటప్పుడు అంటారో ఇంటి పెద్దలను అడిగి పట్టిక కట్టడానికి వేసవి సెలవులు చాలును.